పేజీని ముక్కలుగా చూసిన కాలం

బూడిదరంగు పట్టీలు ఎప్పుడు కనబడకుండా పోయాయో నాకు గుర్తు లేదు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పేజీ మొత్తం తెర మీదికి తెచ్చుకుంటే, అక్షరాలు ఉండాల్సిన చోట వరసగా ఆ పట్టీలే ఉండేవి. 14 అంగుళాల మానిటర్‌లో డెమీ 1/8 పుస్తకం పేజీలు రెండు పక్కపక్కన పట్టాలంటే అక్షరం ఎలాగూ చదవడానికి వీల్లేనంత చిన్నదైపోతుంది. చదవలేని అక్షరాన్ని గీయడానికి కంప్యూటర్ కష్టపడేది కాదు. లైనుకొక పట్టీ గీసి ఊరుకునేది. ఎక్కడ పేరా విరిగింది, ఎక్కడ హెడ్డింగ్ పడింది, కింద ఎంత ఖాళీ మిగిలింది అన్నది ఆ పట్టీల్ని చూసే తెలుసుకునేవాళ్లం.

మొన్న మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయికి ఏదో మాటల్లో ఈ సంగతి చెప్పాను. "పట్టీలెందుకక్కా, జూమ్ చేసుకుంటే సరిపోయేదిగా" అన్నాడు. అంటూనే మౌస్ చక్రం తిప్పాడు. తెర మీద ఉన్న శుభలేఖ దగ్గరికొచ్చింది, వధువు పేరులో ఒక్క అక్షరం తెరంతా నిండింది, మళ్లీ చక్రం వెనక్కి తిప్పేసరికి కార్డు మొత్తం కుదురుగా వచ్చి కూర్చుంది. ఇదంతా జరిగినట్టు కూడా అతను గమనించలేదు. కంటిరెప్ప కొట్టినట్టే చేశాడు. ఆ రావడానికీ పోవడానికీ మధ్య ఒకప్పుడు బోలెడు పని ఉండేది. ఆ పని చేయడానికి ఒక పద్ధతి ఉండేది.

చెప్పులు బయట విడిచిన గది

విజయవాడ ఏలూరు రోడ్డుని ఆనుకున్న సందుల్లో అప్పట్లో అడుగుకొక డీటీపీ సెంటర్ ఉండేది. పుస్తకాల షాపులు, పబ్లిషర్లు, ప్రెస్సులు అన్నీ ఆ చుట్టుపక్కలే కాబట్టి పని కూడా ఆ చుట్టుపక్కలే దొరికేది. నేను చేరిన సెంటర్ ఒక మేడ మీద గది. దుమ్ము పడకూడదని చెప్పులు గుమ్మం బయటే విడవాలి. లోపల ఏసీ మనుషుల కోసం కాదు, కంప్యూటర్ల కోసం. మానిటర్ ముందు నల్లటి అద్దం ఒకటి వేలాడేది, కళ్లకి వెలుగు కొట్టకుండా. దాన్ని పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడవడం మొదటి పని. రెండో పని మౌస్ బంతి తీయడం. అడుగున ఉన్న మూత తిప్పితే రబ్బరు బంతి అరచేతిలోకి జారేది. లోపల రెండు సన్నటి రోలర్ల మీద మకిలి ఉంగరంలా చుట్టుకుని ఉండేది. దాన్ని గోటితో గీకి తీయకపోతే ఆ రోజంతా పేజీ జరగాల్సిన చోటికి జరగదు, కుదుపులు పడుతుంది.

మానిటర్ ఆన్ చేస్తే "ఠంగ్" మని ఒక మోత వచ్చేది, బొమ్మ ఒక్క క్షణం వణికి నిలబడేది. కరెంటు పోతే యూపీఎస్ కూత. వీటన్నిటికంటే ఎక్కువగా మా చెవులు అలవాటు పడింది హార్డ్ డిస్క్ చప్పుడికి. 16 ఎంబీ ర్యామ్ ఉన్న మిషన్‌లో ఫొటోలున్న పేజీని పెద్దది చేయమని అడిగితే లోపల కరకరలాడటం మొదలయ్యేది. ముందు పేజీ అంచు గీత, తర్వాత నీలం రంగు గైడ్లు, తర్వాత లైను వెంట లైనుగా మేటరు పై నుంచి కిందికి దిగేది. ఫొటో ఆఖర్న. అది పట్టీలు పట్టీలుగా నిండేది. మా ఓనరు గారు తెర వైపు చూడకుండానే, వీధిలోకి చూస్తూ కూర్చుని, "అయిపోయిందమ్మా, ఇప్పుడు చూడు" అనేవారు. చప్పుడు ఆగడాన్ని బట్టి చెప్పేవారు. ఓపిక లేనివాళ్లం ఫొటోలు కనిపించకుండా సెట్టింగ్ మార్చుకునేవాళ్లం. ఫొటో ఉన్న చోట ఒట్టి బూడిదరంగు పెట్టె మిగిలేది. అందులో ముఖ్యమంత్రి ఉన్నాడో పెళ్లికూతురు ఉందో మనకి గుర్తుండాల్సిందే.

అంకెల మెట్లు

దగ్గరికీ దూరానికీ మధ్య జారుడు లేదు, మెట్లే ఉండేవి. కంట్రోల్ నొక్కి 5 కొడితే సగం సైజు, 7 కొడితే ముప్పావు, 1 అసలు సైజు, 2 రెండింతలు, 4 నాలుగింతలు. సున్నా కొడితే పేజీ మొత్తం. నేను నేర్చుకున్న మొదట్లో ఐదో వెర్షన్‌లో పేజీ మొత్తానికి సున్నా కాదు, డబ్ల్యు అక్షరం ఉండేది. ఆరుకి మారాక చాలా రోజులు మా వేళ్లు పాత మీట మీదికే పోయేవి. పాత ఆపరేటర్లు మెనూ తెరిచేవాళ్లు కాదు. కుడి చేయి మౌస్ మీద, ఎడమ చేయి కంట్రోల్ మీద, మధ్యలో అంకెల వరస మీద ఒక వేలు.

ఆల్ట్ నొక్కి పట్టుకుంటే బాణం పోయి చిన్న చేయి గుర్తు వచ్చేది. దాంతో పేజీని పట్టుకుని లాగడమే. ఆ చేయి గుర్తు మా పేజ్‌మేకర్‌తో పుట్టింది కాదు. 1984లో మాకింటోష్‌తో పాటు వచ్చిన మాక్‌పెయింట్‌లోనే ఉంది. దాన్ని రాసిన బిల్ అట్కిన్సన్ అందులోనే ఫ్యాట్‌బిట్స్ అని ఇంకో సదుపాయం కూడా పెట్టాడు. బొమ్మలో చిన్న భాగాన్ని పెద్దది చేసి చుక్క చుక్కగా దిద్దుకోవడానికి అది. ఆ మరుసటి ఏడే, 1985లో, ఆల్డస్ కంపెనీ పేజ్‌మేకర్ తెచ్చింది. 1994లో ఆల్డస్‌ని అడోబీ కొనేసింది. ఎక్కడో చిన్న తెలుపు నలుపు తెర కోసం ఆలోచించిన ఆ చేతినే మేము ఏలూరు రోడ్డు మేడ మీద రోజంతా పట్టుకుని తిరిగాం.

లాగిన ప్రతిసారీ పేజీ మళ్లీ గీసుకోవాలి కాబట్టి ఊరికే లాగేవాళ్లం కాదు. ఎటు వెళ్లాలో ముందే అనుకుని, ఒకే లాగుడులో అక్కడికి చేరాలి. ఈ పేజీలో ఆ వాక్యం ఎక్కడుంది? రెండో కాలమ్, మధ్యకి కాస్త కింద, ఫొటోకి పక్కన. కళ్లు తెర మీద ఉన్నా మనసులో పేజీ మొత్తం పరుచుకుని ఉండేది. పేజీ చుట్టూ ఉన్న ఖాళీ స్థలంలో, పేస్ట్‌బోర్డ్ అంటారు దాన్ని, ఇంకా చోటు దొరకని ముక్కలు పెట్టుకునేవాళ్లం. ఎడమవైపు పైన ఒక బాక్స్, కుడివైపు కింద ప్రకటన. అవి తెరకి అందవు, కనపడవు. అయినా ఎక్కడున్నాయో తెలుసు. మంచి ఆపరేటర్ అంటే వేగంగా టైపు చేసేవాళ్లని అందరూ అనుకుంటారు. నా లెక్కలో కనపడని చోట ఏముందో తెలిసినవాళ్లు మంచి ఆపరేటర్లు.

వత్తులోని చుక్క

ఇంగ్లీషు కంపోజింగ్ చేసేవాళ్లకి అసలు సైజులో చూస్తే సరిపోయేది. మనకి చాలదు. అప్పటి తెలుగు ఫాంట్లలో అక్షరం ఒక్కటిగా ఉండేది కాదు. తలకట్టు వేరు, గుడి వేరు, కొమ్ము వేరు, వత్తు వేరు. ముక్కలు ఒకదాని పక్కన, ఒకదాని కింద చేరి అక్షరం అయ్యేవి. "స్త్రీ" అని కొడితే సకారం కింద తావత్తు, దాన్ని చుట్టుకుని క్రారవడి, పైన గుడిదీర్ఘం. అసలు సైజులో తెర మీద అదంతా కలిసి ఒక నల్లటి మరక. వత్తు సరిగ్గా కూర్చుందా, పక్కకి జరిగిందా, కింది లైనులో గుడిని తాకుతోందా, రెండింతలు చేస్తే గానీ తెలియదు. షష్ఠి, జ్యేష్ఠ లాంటి మాటల్లో ఠావత్తు లోపల చుక్క ఉందో లేదో చూడాలంటే నాలుగింతలు చేయాల్సిందే. చుక్క లేకపోతే అది టావత్తు. పుస్తకంలో అయితే పాఠకుడు సర్దుకుని చదువుకుంటాడు. పంచాంగంలో సర్దుబాట్లు ఉండవు.

క్యాలెండర్ సీజన్

దసరా దాటితే క్యాలెండర్లు వచ్చేవి. బట్టల షాపులు, బంగారం కొట్లు, ఎరువుల డీలర్లు, అందరికీ జనవరి ఒకటికి గోడ మీద తమ పేరుండాలి. పై సగం దేవుడి బొమ్మ, కింది సగం నెల. ఆ కింది సగమే మా ప్రాణం తీసేది, నాకు అన్నిటికంటే ఇష్టమైన పనీ అదే.

తెలుగు క్యాలెండర్‌లో వారాలు ఎడమ పక్కన పైనుంచి కిందికి ఉంటాయి, తేదీలు ఒక్కో వరసలో కిందికి దిగుతాయి. ఒక్కో గడిలో మధ్యన పెద్ద అంకె. దాని చుట్టూ తిథి, అది ఎప్పటిదాకా ఉంటుందో, నక్షత్రం, అదెప్పటిదాకానో, వర్జ్యం, దుర్ముహూర్తం, మూలకి పండగ పేరు. ఉదయానికి ఉ., రాత్రికి రా., తెల్లవారుజాముకి తె. ఇదంతా ఆరు పాయింట్ల అక్షరంలో. నాలుగింతలు చేస్తే మా తెర మీద ఒక్క గడి పట్టేది. ఒక్క రోజు. పక్క రోజు అంచు మాత్రం కొంచెం కనపడేది.

సిద్ధాంతి గారి చేతిరాత కాగితాలు పట్టుకుని మా ప్రూఫ్ రీడర్ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. అందరం బాబాయ్ అనేవాళ్లం. అంతకుముందు లెటర్‌ప్రెస్‌లో చాలాకాలం చేతి కంపోజింగ్ చేసినవాడు, సీసపు అక్షరాన్ని తిరగేసి చదవడం వచ్చినవాడు. ఆయన చదవాలి, నేను చూడాలి. "షష్ఠి, రాత్రి ఏడూ నలభై రెండు." నా కళ్లు ముందు చుక్క మీదికి, తర్వాత రా. మీదికి, తర్వాత అంకెల మీదికి. "ఊఁ." "పునర్వసు, తెల్లవారి నాలుగూ పన్నెండు." "ఊఁ." "వర్జ్యం..." ఇక్కడ యావత్తు ఉందా? ఉంది. "ఊఁ." ఆ గడి అయిపోగానే ఆల్ట్ నొక్కి పేజీని పైకి ఒక్క లాగు. అంచు గీత, అంకె, తిథి, ఒక్కొక్కటే దిగుతుంటే బాబాయ్ ఆగేవాడు. ఆ ఆగడంలో ముక్కుపొడి డబ్బా తెరిచేవాడు, కళ్లజోడు తుడుచుకునేవాడు. కరకర ఆగగానే అడక్కుండానే తర్వాతి రోజు మొదలుపెట్టేవాడు.

శనివారం గడి దాకా వచ్చాక ఆదివారానికి మళ్లీ పైకెక్కాలి. అంత దూరం లాక్కుంటూ పోతే ప్రతి గడి దగ్గరా ఆగి గీసుకుంటుంది. అందుకని కంట్రోల్ సున్నా కొట్టి నెల మొత్తం తెచ్చుకుని, కంట్రోల్, స్పేస్ కలిపి నొక్కి, కావలసిన గడి చుట్టూ చిన్న పెట్టె గీసేదాన్ని. తిన్నగా అక్కడికి దిగేది. నాగలి చాలు తిప్పినట్టు ఒక వరస కిందికి, పక్క వరస పైకి వెళ్తే పని తొందరగా అవుతుందని అడిగితే బాబాయ్ ఒప్పుకోలేదు. నిన్నటి తిథి ముగిసిన వేళకీ ఇవాళ ముగిసే వేళకీ ఒక పొత్తు ఉంటుందట. వరసగా వింటే ఆ పొత్తు తప్పిన చోట చెవికి తగులుతుంది, తిరగేసి వింటే తగలదు. చాలాసార్లు ఆయన చెవికి తగిలిన చోట సిద్ధాంతి గారి కాగితంలోనే అంకె తారుమారై ఉండేది. నా కంటికి ఒక్క గడే కనపడేది, ఆయన చెవిలో నెలంతా ఉండేది.

అదయ్యాక పొజిటివ్‌లు తీయించి ప్రెస్‌కి పంపితే, అక్కడ ఫోర్‌మన్ లైట్ టేబుల్ మీద ఫిల్ము పరిచి, చిన్న భూతద్దం బోర్లించి, దాని మీద కన్ను ఆనించి మళ్లీ చూసేవాడు. ఆయన జూమ్ అది. అద్దాన్ని వేలితో జరుపుకుంటూ పోవడం ఆయన పేజీ లాగుడు. మాకంటే ఆయన చేయి సాఫీగా పోయేది.

కింది వాటా ఇంజనీరు

మా కింద ఇళ్ల ప్లాన్లు గీసే ఇంజనీరు ఒకాయన డాస్ మీద ఆటోక్యాడ్ వాడేవారు. ఆయన చూపు మౌస్‌లో కాదు, కీబోర్డులో ఉండేది. జడ్ కొట్టి ఎంటర్, డబ్ల్యు కొట్టి ఎంటర్, రెండు మూలలు చూపిస్తే ఆ కిటికీ దగ్గరికొచ్చేది. వెనక్కి పోవాలంటే జడ్, తర్వాత పి. పక్కకి జరగాలంటే ఎక్కడి నుంచి ఎక్కడికో రెండు చుక్కలు చూపించాలి. దగ్గరికెళ్లేకొద్దీ గుండ్రటి స్తంభం పలకలు పలకలుగా కనపడేది. వేగం కోసం వృత్తాన్ని చిన్న చిన్న సరళరేఖలుగా గీసేది కాబట్టి. రీజెన్ అని కొడితే మళ్లీ గుండ్రం. పెద్ద అపార్టుమెంటు ప్లాన్‌కి రీజెన్ కొట్టి ఆయన టీ తాగడానికి మెట్లు దిగేవారు. 1997లో ఆటోక్యాడ్ ఆర్14 వెర్షన్ వచ్చాక పట్టుకుని లాగుతుంటేనే గీత కదలడం ఆయన తెర మీద చూశాను. మేము ముగ్గురం కుర్చీ వెనక నిలబడి, కాసేపు ఆ ప్లాన్‌ని అటూ ఇటూ లాగించుకుని చూశాం.

తెర మీద స్కేలు

శుభలేఖలు, పుస్తకాల అట్టలు కోరల్‌డ్రాలో చేసేవాళ్లం. అక్కడ ఎఫ్2 కొట్టి పెట్టె గీస్తే దగ్గరికి, ఎఫ్3 వెనక్కి, ఎఫ్4 కొడితే గీసినవన్నీ తెరలోకి. రంగులు నిండిన డిజైన్ బరువెక్కితే షిఫ్ట్ ఎఫ్9 కొట్టి ఒట్టి గీతల్లోకి మారేవాళ్లం. రంగులన్నీ పోయి గీతలు మాత్రం మిగిలేవి. వినాయకుడి తొండం ఏ గీతో, అరిటాకు ఏ గీతో పోల్చుకుంటూ పని చేయాలి.

పెళ్లివారు కార్డు చూసుకోవడానికి వచ్చేవాళ్లు. పెద్దాయన తెర ముందు కూర్చుని, "అచ్చేస్తే ఇంతే ఉంటుందా అమ్మా?" అని అడిగేవారు. అసలు సైజు అని మెనూలో ఉన్నది ఒక్కో మానిటర్‌లో ఒక్కోలా ఉండేది. అందుకని స్కేలు తీసి, ఆ ఉబ్బెత్తు గాజు మీద ఆనించి, కార్డు వెడల్పు కొలిచి చూపించేదాన్ని. సరిపోయేదాకా శాతం మార్చేదాన్ని. ఒక్కోసారి పాత కార్డు ఒకటి తెచ్చి గాజుకి ఆనించి పట్టుకునేవాళ్లు. తాతగారి పేరు ముందు కీర్తిశేషులు చిన్నదైందని, మేనమామ పేరు కిందికి పోయిందని అప్పుడు బయటపడేది. ఒకే తెర ముందు నలుగురు వంగి చూసేవాళ్లు. ఒకళ్లు చెప్పింది ఇంకొకళ్లు కాదనేవాళ్లు. అలా తేలిన కార్డుకి తర్వాత పేచీ ఉండేది కాదు.

ఇప్పుడు

మార్పు ఒక్కసారిగా రాలేదు. చక్రం ఉన్న మౌస్ వచ్చింది. ర్యామ్ పెరిగింది. 2008లో ఫొటోషాప్ సీఎస్4 బొమ్మని గీసే పనిని గ్రాఫిక్స్ కార్డుకి అప్పగించాక దగ్గరికి పోవడం మెట్లెక్కినట్టు కాకుండా జారినట్టు అయింది. అంతకు ముందే 2007లో ఐఫోన్ వచ్చి రెండు వేళ్లు విప్పితే బొమ్మ పెద్దదవుతుందని మూడేళ్ల పిల్లలకి కూడా నేర్పింది. పేజ్‌మేకర్ 2001లో వచ్చిన ఏడో వెర్షన్ దగ్గర ఆగిపోయినా, పాత తెలుగు ఫాంట్ల కోసం దాన్ని వదలని సెంటర్లు చాలాకాలం ఉన్నాయి. కొత్త మిషన్‌లో అదే పేజ్‌మేకర్ తెరిస్తే కంట్రోల్ 4 కొట్టిన వేలు తీసేలోపే పేజీ వచ్చేస్తుంది.

దీనివల్ల మేలు జరగలేదని నేననను. మా బ్యాచ్‌లో చాలామందికి చిన్న వయసులోనే కళ్లజోళ్లు వచ్చాయి. వణికే తెర ముందు పదేసి గంటలు, సాయంత్రానికి కణతలు పట్టేసేవి. ఇప్పుడు అరవై దాటిన మనిషి కూడా ప్రూఫును తనకి కనపడేంత పెద్దది చేసుకుని, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. బాబాయ్‌కి ఆ సదుపాయం దొరికి ఉంటే చివరి రోజుల్లో పని మానుకునేవాడు కాదు. యూనికోడ్ ఫాంట్లు వచ్చాక వత్తులు జారిపోవడం చాలావరకు తగ్గింది. పేజీ మళ్లీ గీసుకోవడం కోసం కూర్చున్న గంటల్ని ఎవరైనా వెనక్కి ఇస్తానంటే సంతోషంగా తీసుకుంటాను.

కానీ చూడటం చౌకైపోయాక ఏం చూడాలో ముందు అనుకోవడం తగ్గింది. ఇది నా పక్కనే రోజూ జరుగుతున్నది. కుర్రాళ్లు దగ్గరికెళ్లి ఒక పువ్వు రేకుని ఎనిమిదింతల్లో దిద్దుతారు. అచ్చులో ఆ రేకు సూదిమొనంత కూడా ఉండదు. అదే కార్డులో కింద "ఆహ్వానించువారు" పేర్లు ఐదు పాయింట్లలో ఉంటాయి. ఎందుకంటే వాటిని పెట్టినప్పుడు తెర మీద వేలెడంత కనిపించాయి. పీడీఎఫ్ వాట్సాప్‌లో వెళ్తుంది. పెళ్లికొడుకు అన్న ఫోన్‌లో రెండు వేళ్లతో విప్పి, తన పేరు చూసుకుని, ఓకే పెడతాడు. వదిన ఆవిడ ఫోన్‌లో ఆవిడ పుట్టింటివాళ్ల పేర్లు చూసుకుంటుంది. కార్డు మొత్తాన్ని దాని సైజులో ఎవరూ చూడరు. అచ్చయి కట్టలొచ్చాక పెద్దవాళ్లు కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చదవలేక ఇబ్బంది పడతారు. తెలుగు అక్షరానికి కింద వత్తుకీ, పైన గుడికీ చోటు కావాలి. ఇంగ్లీషుకి చాలిన పాయింట్లు దీనికి చాలవని కుర్రాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా, చక్రం చేతిలో ఉన్నంతసేపూ నమ్మకం కుదరదు.

అందుకే మా దగ్గర ఒక పద్ధతి పెట్టాను. ఏ డిజైన్ అయినా పీడీఎఫ్ బయటికి పంపే ముందు నూరు శాతంలో ప్రింటు తీయాలి. తీసినవాళ్లు కాకుండా ఇంకొకళ్లు, గదికి అవతలి చివర కుర్చీలో కూర్చుని పైకి చదవాలి. చేసినవాళ్లు తెర మీద చూస్తూ ఊఁ కొట్టాలి. ఈ ఏడు క్యాలెండర్ పని రెండు షాపులది వచ్చింది. చదవడం నేను చేస్తానన్నాను. వరస తప్పకుండా, ఆదివారం నుంచి శనివారం దాకా కిందికి.